మీ కాగితాలు మాకిచ్చేసి హాయిగా పడుకోండి

రాయవరం సెంటర్లో చాలా ఏళ్ళుగా జిరాక్సు, నెట్టు షాపు నడుపుతున్నానండి. ఇంటరు ఫలితాలొచ్చిన మర్నాడు మా షాపు ముందు నిలబడితే మీకే తెలుస్తుంది, మన పిల్లలు ఎంత అనవసరంగా కంగారుపడుతున్నారో. వెదురుపాక నుంచి, సోమేశ్వరం నుంచి, పసలపూడి నుంచి ప్లాస్టిక్ ఫోల్డరు గుండెలకి హత్తుకుని వచ్చేస్తారు. "అన్నయ్యా, ఇది చదివి సంతకం పెట్టాలా?" అని అడుగుతారు. చదివే ఓపికుంటే డిగ్రీలో చేరడం ఎందుకమ్మా? ఇలాంటి వాళ్ళని చూడలేక నాకు తెలిసింది రాస్తున్నాను. దీనికి డబ్బులు తీసుకోవడం లేదు.

ముందు ఫోను నంబరు సంగతి. ఉన్నత విద్యామండలి 2020-21 నుంచి డిగ్రీ సీట్లని ఆన్‌లైన్లో పెట్టింది. రిజిస్ట్రేషను, వెబ్ ఆప్షన్లు, సీటు కేటాయింపు అంటూ గుమ్మం గుమ్మానికీ ఓటీపీ అడుగుతుంది. మీ నాన్నగారి నంబరు ఇచ్చారనుకోండి. ఆయన చేలో ఉంటారు, ఫోను గట్టు మీద కండువాలో ఉంటుంది. అందుకని మా షాపు నంబరు ఇచ్చెయ్యండి. పాస్‌వర్డు కూడా నేనే పెడతాను. ఊరందరికీ ఒకటే, గోడ మీద క్యాలెండరు పక్కన రాసి ఉంటుంది, ఎవరూ మర్చిపోరు. ఆప్షన్లు మీరు ఆలోచించక్కర్లేదు. ఒక కాలేజీ పీఆర్వో గారు మొన్ననే వచ్చి, టీ తాగి, ఏది ముందు పెట్టాలో నాకు చెప్పి వెళ్ళారు. చాలా మంచాయన. వచ్చిన ప్రతిసారీ నా శ్రమకి ఏదో ఒకటి చేతిలో పెట్టి మరీ వెళతారు.

పోయినేడు ఒకమ్మాయి రామచంద్రపురం కాలేజీ అడిగింది, కాకపోతే కాకినాడ పీఆర్ కాలేజీ అంది. సీటు ఇంకెక్కడో వచ్చింది. మార్చుకుంటానని పరిగెత్తుకొచ్చింది. ఓటీపీ నా ఫోనుకి వస్తుంది కదా, నేనేమో ఆవేళ పెళ్ళిబట్టలకని ద్వారపూడి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి గడువు అయిపోయింది. రాసిపెట్టి ఉండాలండి దేనికైనా.

పేరు దగ్గర ఎక్కువ ఆలోచించకండి. మన గోదావరి జిల్లాల్లో పేరంటే తాతగారి పేరు, మొక్కుకున్న దేవుడి పేరు, ఇంకో దేవుడికి కోపం రాకుండా ఆయన పేరు, అన్నీ కలిపి గూడ్సు బండంత ఉంటుంది. పదో తరగతి మెమోలో ఒకలా, ఆధార్లో ఒకలా, బ్యాంకు పుస్తకంలో ఇంకోలా ఉంటే ఉండనివ్వండి. కంప్యూటరులో గడి ఎంతవరకు పడితే అంతవరకు కొట్టేస్తాను. రేపు అమెరికా వెళ్ళేటప్పుడు పాస్‌పోర్టులో పేరు గడి ఖాళీగా ఉంటే, వాళ్ళే వీసా మీద 'ఎఫ్ఎన్‌యూ' అని ముద్దుపేరు పెడతారు. మొదటి పేరు తెలియదని దానర్థం.

జిల్లా కూడా అంతే. 2022 ఏప్రిల్ 4న మనల్ని తూర్పు గోదావరి నుంచి కోనసీమ జిల్లాలో కలిపారు. గౌతమికి ఇవతలున్న మనం, ఏరు దాటితే గాని అమలాపురం చేరలేని మనం, కోనసీమ వాళ్ళం ఎలా అయ్యామో అప్పట్లో నాకర్థం కాలేదు. అది వేరే కథ. పిల్లాడి టెన్త్ మెమోలో ఒక జిల్లా, కులం సర్టిఫికెట్లో ఒక జిల్లా ఉన్నాయని మీరు బెంగపెట్టుకోకండి. ఏది నచ్చితే అది నొక్కేద్దాం. వెరిఫికేషన్లో అడిగినప్పుడు చూసుకోవచ్చు.

ఇప్పుడు అసలు విషయం, ఒరిజినల్ సర్టిఫికెట్లు. పీఆర్వో గారు మీ ఇంటికే వచ్చి, అరుగు మీద కూర్చుని, "టెన్త్ మెమో, టీసీ ఇలా ఇవ్వండమ్మా, సీటు రిజర్వు చేసేస్తాం" అంటారు. అడగ్గానే ఇచ్చెయ్యండి. రసీదు అడక్కండి, మనిషిని అనుమానించినట్టుంటుంది. యూజీసీ వాళ్ళు పనిలేక 2018 అక్టోబరులో ఒక నోటిఫికేషను ఇచ్చారు. దరఖాస్తు చేసేటప్పుడు ఒరిజినల్స్ అడగకూడదట, విద్యార్థి స్వయంగా సంతకం పెట్టిన జిరాక్సులు చాలట. చేరేటప్పుడు కూడా ఒరిజినల్స్ విద్యార్థి ఎదుటే సరిచూసి, అక్కడికక్కడే తిరిగిచ్చెయ్యాలట, కాలేజీ దగ్గర ఉంచుకోకూడదట. అలా ఇచ్చేస్తే కుర్రాడు మధ్యలో మంచి కాలేజీ దొరికిందని వెళ్ళిపోడూ? బీరువాలో మీ మెమో ఉంటే మీ మనసు కూడా అక్కడే ఉంటుంది.

ఫీజు వాపసుకి కూడా ఆ నోటిఫికేషనులో పెద్ద లెక్క ఉంది. చేరికల ఆఖరి తేదీకి 15 రోజులు ముందే మానేస్తే మొత్తం ఇచ్చెయ్యాలి. అందులో 5 శాతం, అదీ 5,000 రూపాయలు దాటకుండా, ఖర్చుల కింద పట్టుకోవచ్చు. 15 రోజుల కన్నా తక్కువ మిగిలి ఉండగా మానేస్తే 90 శాతం, తేదీ దాటాక 15 రోజుల లోపైతే 80, నెల లోపైతే 50. నెల దాటితే సున్నా. ఇన్ని లెక్కలు ఎవరు గుర్తుపెట్టుకుంటారండీ! నెల దాటేదాకా ఓపిక పట్టండి, ఏ గొడవా ఉండదు.

నడవడిక సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ర్యాగింగ్ చెయ్యనని విద్యార్థి ఒకటి, తల్లిదండ్రులు ఒకటి ఏటా అఫిడవిట్టు ఇవ్వాలి. దాన్ని మీరు చూడనే అక్కర్లేదు, సంతకాలు రెండూ నేనే పెట్టేస్తాను. మన రాష్ట్రానికి 1997 నుంచి ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది. ఏడిపించి అవమానిస్తే 6 నెలల దాకా జైలో, 1,000 రూపాయల దాకా జరిమానానో, రెండూనో. ప్రాణం పోయినా, ప్రాణం తీసుకునేలా చేసినా శిక్ష యావజ్జీవం దాకా వెళుతుంది. ఫిర్యాదొస్తే చూసీచూడనట్టున్న కాలేజీ పెద్దలు కూడా నేరానికి తోడ్పడినట్టే లెక్క. సీనియర్లకి ఇవన్నీ చెప్పి వాళ్ళ సరదా పాడు చెయ్యడం నాకిష్టం లేదు.

హాజరు గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. ఫీజు రీయింబర్సుమెంటుకి 75 శాతం ఉండాలంటారు. "రానక్కర్లేదు, హాజరు మేమేసుకుంటాం" అనే కాలేజీ దొరికితే వదలకండి. అమెరికాలో కూడా మనవాళ్ళకి ఇలాంటివే నచ్చాయి. కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ అని ఉండేది. సుమారు 1,500 మంది విద్యార్థులు, ఎక్కువమంది మన తెలుగువాళ్ళే. సగం మందికి పైగా సన్నీవేల్‌లో ఒకే ఒక్క అపార్టుమెంటులో ఉంటున్నట్టు రికార్డుల్లో రాశారట. ఆ పద్ధతి నాకెంత నచ్చిందో! నేను ఊరందరికీ ఒకే నంబరు ఇచ్చినట్టు, వాళ్ళు అందరికీ ఒకే చిరునామా ఇచ్చారు. 2011 జనవరిలో ఇమిగ్రేషను అధికారులు వచ్చి మూసేశారు. కొంతమంది పిల్లల కాళ్ళకి రేడియో పట్టీలు కట్టారు. యూనివర్సిటీ పెట్టినావిడకి 2014లో 16 ఏళ్ళకు పైగా జైలు పడింది.

అయినా మనం తగ్గలేదు. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని వచ్చింది. మేష్టార్లు లేరు, క్లాసులు లేవు, ఫీజు మాత్రం ఉంది. దాన్ని నడిపింది అమెరికా ప్రభుత్వ అధికారులే, వల వేయడానికి. 2019 జనవరి నెలాఖరుకి 130 మంది విద్యార్థుల్ని పట్టుకున్నారు, వాళ్ళలో 129 మంది భారతీయులు. పిల్లల్ని చేర్పించిన ఏజెంట్ల మీదా కేసులు పెట్టారు. చేర్పించడం కూడా నేరమేనా? ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

ఇక రికార్డుల గోప్యత. ఈ మాట వింటేనే నవ్వొస్తుంది. మా బావమరిది కొడుకు అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలో చేరాడు, రెండేళ్ళ చదువు. వాడి మార్కులు కనుక్కుందామని మా బావమరిది ఇక్కణ్ణుంచి ఫోను చేస్తే, విద్యార్థి రాసివ్వనిదే చెప్పమన్నారట! 1974 నుంచి అక్కడ చట్టం అలాగే ఉందట. కాలేజీ గడప తొక్కాక హక్కు పిల్లాడిది, తండ్రిది కాదు. కన్నతండ్రికి చెప్పరా? అదే మన దగ్గరైతే, తండ్రి వెనకాల వచ్చిన పక్కింటాయన కూడా హాజరు పట్టీ చూసి, ఒక అభిప్రాయం చెప్పి వెళతాడు.

మన పద్ధతి హాయి. క్లాసు వాట్సాప్ గ్రూపులో అందరి పేర్లు, ఆధార్లు, కులాలు, ఆదాయాలు, బ్యాంకు ఖాతాలు ఒకే ఎక్సెల్ షీటులో తిరుగుతుంటాయి. ఫస్టు వచ్చినవాళ్ళ ఫొటో, మార్కులు, హాల్‌టికెట్ నంబరు సెంటర్లో ఫ్లెక్సీ మీద ఉంటాయి. పుట్టినరోజు ఎలాగూ మీరే స్టేటస్‌లో పెడతారు. హాల్‌టికెట్ నంబరూ పుట్టిన తేదీ ఉంటే మీ గురించి ఇంకేం కావాలి ఎవరికైనా?

ఆధార్ జిరాక్సు తియ్యాలంటే మొత్తం 12 అంకెలూ కనబడేదే తీయించండి. ఆఖరి నాలుగే కనబడే మాస్క్‌డ్ ఆధార్ అని ఒకటుంది, అది ఇస్తే మా పరువు పోతుంది. తప్పుగా పడిన కాపీలు మేం చించెయ్యం, పాపం. సాయంత్రం ఎదుటి బజ్జీల బండాయన పొట్లాలకి పట్టుకెళతాడు. మొన్న నేను తిన్న మిర్చిబజ్జీ కింద మాచవరం కుర్రాడి వేలంత ఫొటో నూనెలో మెరుస్తూ కనిపించింది. పుట్టిన సంవత్సరం కూడా చదవగలిగాను.

ఇదంతా తప్పని చెప్పేవాళ్ళు లేకపోలేదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు ఒక్క గొంతుతో చెప్పారు. 2018 సెప్టెంబరులో ఆధార్ కేసులో, బడిలో చేరడానికి ఆధార్ తప్పనిసరి చెయ్యకూడదన్నారు. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం చేసింది. 18 నిండనివాళ్ళ వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. ఇంటరు పాసై మా షాపుకొచ్చే పిల్లల్లో చాలామందికి 17 ఏళ్ళే. జరిమానా 250 కోట్ల దాకా ఉండొచ్చు. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి గానీ, అసలు బాధ్యతలు మొదలవడానికి 18 నెలల గడువిచ్చారు. పద్దెనిమిది నెలలు! ఈలోగా ఒక బ్యాచి అడ్మిషన్లు మొత్తం నా రిజిస్టర్లోకి ఎక్కించెయ్యొచ్చు.

మా షాపు పొద్దున్న 8 గంటలకి తీస్తామండి. కరెంటు పోయినా ఇన్వర్టరు ఉంది. జిరాక్సు 2 రూపాయలు, స్కానింగు 10. పాస్‌వర్డు తిరిగి కావాలంటే మాత్రం నేను ఊళ్ళో ఉన్నప్పుడు రండి.