ట్రిపుల్ రైడింగ్ గాలి

మా బావమరిది ఏ పండక్కీ ఉత్త చేతులతో రాడు. ఈసారి గాలిని కడిగే డబ్బా తెచ్చాడు. టీవీ పక్కన పెట్టి మీట నొక్కగానే నీలం లైటు వెలిగింది. సన్నగా జుయ్యిమని చప్పుడు మొదలైంది. పది నిమిషాలకి హాలంతా ఒక వాసన. "గట్టిగా పీల్చండి బావగారూ, కొండ మీద గాలి ఇలాగే ఉంటుంది" అన్నాడు. పీల్చాను. నాకు కొండ గుర్తు రాలేదు. వీధి చివర జిరాక్సు షాపు గుర్తొచ్చింది.

డబ్బా మీద 'యాక్టివేటెడ్ ఆక్సిజన్' అని బంగారు అక్షరాలు. అసలు పేరు ఓజోన్. జిరాక్సు షాపులో వాసనా దానిదే. 1840లో షోన్‌బైన్ అనే రసాయన శాస్త్రవేత్త, వాసన కొట్టడాన్ని చెప్పే గ్రీకు మాట నుంచి దానికా పేరు పెట్టాడు. బారసాలనాడే 'కంపు' అని పిలిపించుకున్నదాన్ని పరిమళంగా అమ్మాలంటే ఎంత నోరు కావాలి!

ఆక్సిజన్ అంటే స్కూటర్ మీద ఇద్దరు. బుద్ధిగా పోతారు. ఓజోన్ అంటే ట్రిపుల్ రైడింగ్. మూడో పరమాణువుకి సీటు చాలదు. ఎప్పుడు దూకుదామా అని చూస్తుంటుంది, దూకాక దొరికినదాన్నల్లా కరుస్తుంది. సూక్ష్మజీవి దొరికితే అది చావచ్చు. అయితే సూక్ష్మజీవి ఏదో, మా నాన్నగారి ఊపిరితిత్తి ఏదో దానికి తేడా తెలియదు. మూడో రోజుకి నాన్నగారికి పొడిదగ్గు పట్టుకుంది. అలమరలో ఉండే ఇన్‌హేలర్ దిండు కిందికి చేరింది. డబ్బా వెనక కరెంటు బిల్లుల కట్టకి వేసిన రబ్బరు బ్యాండు బీటలు వారి, ముట్టుకోగానే తెగింది. సాగదీసిన రబ్బరంటే ఓజోన్‌కి మహా ఇష్టం. టైర్లు చేసేవాళ్లు రబ్బరులో దానికి విరుగుడు కలిపేది అందుకే. మన ఊపిరితిత్తులకి మాత్రం అలా విరుగుడు కలిపిపెట్టేవాళ్లు లేరు.

"పోనీ తక్కువలో పెట్టుకోండి" అన్నాడు బావమరిది. ఇక్కడే ఉంది తిరకాసు. ఇళ్లలో వాడే ప్యూరిఫయర్లు వదిలే ఓజోన్ 0.05 పీపీఎం దాటకూడదని కాలిఫోర్నియా నిబంధన. అంటే రెండు కోట్ల పాళ్ల గాలికి ఒక్క పాలు. ఆ లోపు ఉంటే సూక్ష్మజీవికి తుమ్మైనా రాదు. అది చచ్చేంత వదిలితే ముందు దగ్గేది మనమే. ఇక దుమ్ము సంగతా? ఫ్యాను రెక్కల మీద బూజు ఎక్కడిదక్కడే ఉంది.

మా ఆవిడ రోజూ నిమ్మవాసన ద్రావకంతో గచ్చు తుడుస్తుంది. అందులోని లిమోనీన్, ఈ ఓజోన్ కలిస్తే ఫార్మాల్డిహైడ్ పుడుతుంది. దాన్ని నీళ్లలో కలిపితే ఫార్మలిన్. కాలేజీ ల్యాబులో కప్పని జాడీలో ముంచి ఉంచేది దాంట్లోనే. కప్పకి చచ్చాక దక్కిన భోగం మాకు బతికుండగానే దక్కింది.

పాపం, ఓజోన్‌ది మాత్రం ఏం తప్పు? ఫ్రాన్సులోని నీస్ నగరం 1906 నుంచే దాంతో తాగునీటిని శుద్ధి చేసుకుంది. మనం కొనే నీళ్ల సీసాల్లోనూ చాలావాటికి ఆ వైద్యమే. మంటల్లో పొగచూరిన గదుల వాసన పోగొట్టడానికీ వాడతారు. మనుషుల్ని, పిల్లుల్ని, మొక్కల్ని బయటికి పంపి, తలుపులు మూసి, పని అయ్యాక అన్నీ తెరిచి గాలాడనిస్తారు. ఇక ఆకాశంలో అది అతినీలలోహిత కిరణాలకు అడ్డం నిలబడి మన చర్మం కాపాడుతోంది. దూరపు కొండలు నునుపు అంటారే, ఓజోన్‌కీ అంతే. పాతిక కిలోమీటర్ల ఎత్తునుంటేనే అందం.

మన జాతీయ వాయు నాణ్యత సూచీ లెక్కలోకి తీసుకునే ఎనిమిది కాలుష్య కారకాల్లో ఓజోన్ ఒకటి. వీధిలో ఉంటే సర్కారు కాలుష్యమని కొలిచేదాన్ని, హాల్లోకి వాయిదాల మీద తెచ్చుకుంటున్నాం!

డబ్బా ప్లగ్గు పీకేశాను. బావమరిది వచ్చినప్పుడు నీలం లైటు వెలగలేదేమని అడిగితే కరెంటు పోయిందని చెబుతాను. మీరు మాత్రం ప్యూరిఫయర్ కొనేముందు ఒక్క ప్రశ్న అడగండి: "ఇది ఓజోన్ వదులుతుందా?" అవునన్నా, నీళ్లు నమిలినా వదిలేసి, దుమ్ము పట్టే హెపా ఫిల్టరున్నది తీసుకోండి. మనిషి లేని గదిలో పనిచేయాల్సిన యంత్రాన్ని మంచం పక్కన పెట్టుకోకండి.