క్రాయిసెంట్ పదవ్యాఖ్య

మూలం: "తమ్మీ, రెండు క్రాయిసెంట్లు జర వేడి చేసి ఇయ్యి."

సందర్భం: బాచుపల్లి బేకరీలో, ఆఫీసు క్యాబ్ దిగిన ఇంజినీరు కౌంటరు కుర్రాడితో పలికినది.

ప్రతిపదార్థం: తమ్మీ = ఓ చిన్నవాడా; రెండు = తనకొకటి, ఇల్లాలికొకటి (పిల్లలది ఎగ్ పఫ్ పక్షం); క్రాయిసెంట్లు = పొరపొరకూ వెన్న పట్టించిన నెలవంక రొట్టెలు; జర = కొంచెం; వేడి చేసి = ఓవెన్‌లో పెట్టి (మైక్రోవేవ్‌లో పెడితే సాగునని పెద్దలు); ఇయ్యి = ఇమ్ము.

పదవిభాగం: ఫ్రెంచ్‌వారు రాతలో ఈ మాటను రెండు 'స'ల నడుమ విరుస్తారు. నోట క్ర్వా + సాఁ, రెండే అక్షరాలు. ఓ, ఐ కలిసి 'వా' అవుతాయి. ఇక్కడి రేఫం నాలుక కొసది కాదు. ఉర్దూవారు 'ఖబర్' అనేటప్పుడు గొంతులో ఒరుసుకునే ధ్వనికి చుట్టం. పాతబస్తీవారికి అది పుట్టుకతో వచ్చు.

వ్యాకరణం: తుది టకారం లుప్తం. అయితే ఫ్రెంచ్‌లో ఇలాంటి హల్లులు కొన్ని అచ్చు పరమైతే మళ్లీ లేస్తాయి: పెతీ + ఆమీ = పెతితామీ. ద్రుతం తెలిసిన తెలుగువాడికి ఇది వింత కాదు. మనవాళ్లు టకారాన్ని చావనివ్వరు. అది లేనిదే 'ట్లు' అని బహువచనం కుదరదు.

ఛందస్సు: క్రాయిసెంట్, రగణం. క్ర్వాసాఁ, గగం. రెండో గురువు దీర్ఘం వల్ల వచ్చినది. అరసున్న గురువును చేయదు.

పాఠాంతరం: 'క్రసాంట్' అని అమెరికా నుంచి తిరిగివచ్చినవారి ప్రతి.

విశేషం: ఫ్రెంచ్‌వారు ముక్కుతో పలికే ఆ 'ఆఁ' రాయడానికి ఇంగ్లిష్‌కు అక్షరం లేదు, మనకు ఉంది. వాఁడు, నేఁడు అని రాసిన అరసున్నను అచ్చులోంచి మనమే తీసేశాం. మార్కుల కోసం సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచ్ తీసుకున్న పిల్లలు ఇప్పుడు దాన్ని కొత్తగా నేర్చుకుంటున్నారు.

పూర్వోదాహరణం: నిజాం కొలువులోని ఫ్రెంచ్ సేనాని రెమోఁ (1755-1798) ముస్లింల నోట మూసా రహీం, హిందువుల నోట మూసా రాం అయ్యాడు. మియాపూర్‌లో మెట్రో ఎక్కితే దిల్‌సుఖ్‌నగర్‌కు ముందు వచ్చే మూసారాంబాగ్ ఆయన పేరిటిదే.

తాత్పర్యం: శాస్త్రానికి క్ర్వాసాఁ, బేకరీలో క్రాయిసెంట్, కుర్రాడికి తెలిసిన పేరుతో అడిగితేనే ప్లేటులోకి వస్తుంది. ఫ్రెంచ్ ట్యూషన్‌కు ఫీజు కట్టే తల్లిదండ్రులు మాత్రం ముందు పిల్లలకు పాత పెద్దబాలశిక్ష తీసి అరసున్న చూపించండి. ముక్కుతో పలికే పాఠానికి అదే మొదటి మెట్టు.