నా మలుపంతా నా చర్మంలోనే

నేను రియాక్టివ్ రెజిన్ బౌలింగ్ బంతిని. బరువు 15 పౌండ్లు, ముదురు నీలం రంగు. నన్ను చేతిలోకి తీసుకున్నవాళ్ళు ముందు వేళ్ళ రంధ్రాలు చూస్తారు, తర్వాత బరువు చూస్తారు. లోపలి కోర్ ఏ ఆకారంలో ఉందని అడిగేవాళ్ళూ ఉన్నారు. నా పైచర్మాన్ని గోటితో గీరి చూసేవాళ్ళే తక్కువ. కానీ లేన్ మీద నేను ఎక్కడ తిరుగుతానో, ఎంత తిరుగుతానో చాలావరకు తేల్చేది ఆ చర్మమే.

ఫౌల్ లైన్ నుంచి ముందు పిన్ను దాకా లేన్ 60 అడుగులు. అడ్డంగా 39 పలకలు. ఫౌల్ లైన్ వైపు నుంచి దాదాపు 40 అడుగుల వరకు దాని మీద నూనె పూస్తారు. మామూలు సెంటర్లలో ఆ పూత మధ్యలో మందంగా, అంచుల్లో పల్చగా ఉంటుంది. నూనె మీద నేను దొర్లను, జారుతాను. చెయ్యి వదిలేటప్పుడు ఇచ్చిన పక్కతిప్పుడును అలాగే అట్టిపెట్టుకుని జారుతాను. పొడి నేల తగిలాక పట్టు దొరుకుతుంది, పక్కకు తిరుగుతాను. తిరగడం పూర్తయ్యాక ఇక దొర్లడమే, అక్కణ్ణుంచి నా దారి తిన్నగా పోతుంది. జారుడు, మలుపు, దొర్లుడు: ఇంతా కలిపి రెండున్నర సెకన్ల బతుకు నాది.

చర్మం గరుకుగా ఉంటే ఆ గరుకు మొనలు నూనె పొరను దాటి లేన్‌ను అందుకుంటాయి. పట్టు ముందే దొరుకుతుంది, మలుపు ముందే మొదలై నిదానంగా సాగుతుంది. నున్నగా ఉంటే నూనె మీద దూరం జారిపోయి, చివర్లో ఒక్కసారిగా విరుచుకుని తిరుగుతాను. గరుకు చేస్తే హుక్, అంటే ఆ మలుపు, పెరుగుతుందని చాలామంది అంటారు. అది సగం నిజం. మరీ గరుకైతే నా తిప్పుడంతా దారిలోనే ఖర్చైపోతుంది. పిన్నుల దగ్గరికి దొర్లుకుంటూ చేరిన బంతికి లోపలికి చొచ్చుకుపోయే సత్తువ ఉండదు. ముందు పిన్నుకూ దాని పక్క పిన్నుకూ మధ్య సందును పాకెట్ అంటారు. అందులోకి 6 డిగ్రీల కోణంలో దూరితే స్ట్రయిక్‌కు, అంటే ఒక్క దెబ్బకు పిన్నులన్నీ పడటానికి, మంచి అవకాశం. కోణం తగ్గితే ముందు పిన్ను తగలగానే నేను పక్కకు తప్పుకుంటాను. కుడిచేతివాళ్ళకు మూలనున్న 10వ పిన్ను కదలకుండా నిలబడిపోయేది అలాంటప్పుడే.

ఫ్యాక్టరీలో నాకు అద్దంలాంటి మెరుపు పెట్టారు. నన్ను కొన్నాయన నెల్లూరు నుంచి వచ్చి టెక్సస్‌లో, డాలస్ పక్కన ఇర్వింగ్‌లో స్థిరపడ్డ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. లీగ్ మొదటి రాత్రి, లేన్ మీద తాజా నూనె. ఎంత తిప్పి వదిలినా తిరగాల్సిన చోటు దాటిపోయాను.

"బావా, ఈ బంతి నీ చేతికి కుదరలా. ఇంకోటి కొను" అన్నాడు బామ్మర్ది.

"బంతికేంరా, బంగారంలా ఉంది. ఆ మెరుపు తీయిస్తే చాలు."

ప్రో షాప్‌లో ఒక పెద్దాయన నన్ను గిన్నెలాంటి పీట మీద పెట్టి మోటారు వేశాడు. నీళ్ళు చల్లి 500 నంబరు ప్యాడ్ ఆనించాడు. ఈ ప్యాడ్లలో అంకె తగ్గేకొద్దీ గరుకు ఎక్కువ. అరచేతి బరువు మధ్య నుంచి అంచుకీ, అంచు నుంచి మధ్యకీ నడుస్తుంటే నా ఒంటి నుంచి నీలంరంగు చిక్కటి బురద జారింది. ఒక పక్క అయ్యాక నన్ను తిప్పి రెండో పక్క, అలా నాలుగు పక్కలా. ఒక పక్క ఎక్కువ నొక్కి ఇంకో పక్క తక్కువ నొక్కితే నా నడకలో నిలకడ ఉండదు. అందుకే ఆయన ప్రతి పక్కకూ అంతే సేపు, అంతే ఒత్తిడి పెట్టాడు. ఆ మీద 2000 ప్యాడ్. గరగరమన్న చప్పుడు సన్నగిల్లి సుయ్యిమనే దాకా వదల్లేదు. తుడిచి, గోరు ఆనించి చూశాడు. మెరుపు పోయింది. ఆ వారం అదే చేయి, అదే వేగం, అదే నూనె. నేను పాకెట్‌లోకి దూరాను.

రెండు గేములయ్యేసరికి లేన్ మారిపోతుంది. నూనెలో కొంత మా చర్మంలోని సన్నటి రంధ్రాలు తాగేస్తాయి, కొంత ముందుకు ఈడ్చుకుపోతాం. అప్పుడు 2000 గరుకే ఎక్కువైపోతుంది. అయినా పోటీ మొదలయ్యాక బంతిని రుద్దకూడదు, పొడి గుడ్డతో తుడుచుకోవచ్చంతే. అందుకని మా వాడు పాదాలు ఎడమకు జరుపుతాడు, లేదంటే సంచిలోంచి మెరుపున్న బంతిని తీస్తాడు. ఈ నియమం నాకు ఇష్టం. ఆటగాడు లేన్‌ను ముందుగా చదువుకుని రావాలి.

చర్మం మీద మనిషి కన్ను పడటం నాతో మొదలైంది కాదు. 1973లో డాన్ మెక్యూన్ అనే అమెరికన్ ఆటగాడు పాలియెస్టర్ బంతులను రసాయన ద్రావకంలో నానబెట్టి మెత్తబరిచాడు. మెత్తటి చర్మం లేన్‌ను పట్టింది. ఆ ఏడాది ఆయన వృత్తి బౌలర్ల సంఘమైన పీబీఏ టైటిళ్ళు ఆరు గెలిచాడు. ఆ తర్వాతే బంతి గట్టిదనానికి కనీస హద్దు పెట్టారు. మా రియాక్టివ్ రెజిన్ జాతి 1990ల మొదట్లో వచ్చింది.

పెట్టిన గరుకు నిలవదు. లేన్ మీద ప్రతి పరుగూ ఆ మొనలను కొద్దికొద్దిగా అరగదీస్తుంది. చేయి చెడిందని ఆటగాడు కంగారుపడే రాత్రుల్లో చాలాసార్లు చెడింది నా చర్మం. అది చూసి బాధపడతాను, నోరు లేదు గనక చెప్పలేను. మా వాడికి ఇప్పుడు తెలిసింది. ఆడిన గేములు రాసుకుంటున్నాడు.

ఈ శనివారం టోర్నమెంట్‌లో నూనె 45 అడుగుల దాకా వేస్తారట. నూనె పొడవులోంచి 31 తీసేస్తే 14. నూనె అయిపోయే చోట నేను కుడి అంచు నుంచి 14వ పలక దగ్గర ఉండాలన్నది ఆటగాళ్ళ లెక్క. ఆ తర్వాత మిగిలే పొడి నేల 15 అడుగులే. బామ్మర్ది 2000 చాలంటున్నాడు, బావ 1000 ప్యాడ్ తడుపుతున్నాడు. నా మాట 1000కే. అంత పొడుగు నూనెలో పట్టు కాస్త ముందే దొరక్కపోతే, ఆ 15 అడుగుల్లో నేను తిరగలేను.