అట్ట ఊడితే ఎవరు కుడతారు?

ఇప్పటి పిల్లలు ట్రెక్కింగ్ బూట్లు కొనే తీరు చూస్తే ఒళ్లు మండుతుంది. రంగు చూస్తారు, బరువెంతో చూస్తారు, ఫోనులో ఎన్ని నక్షత్రాలు వచ్చాయో చూస్తారు. తోలు మాత్రం ముట్టుకోరు. ముట్టుకోవడానికి ఎదురుగా ఉంటే కదా! పెట్టె ఇంటికొచ్చాక కాళ్లు దూర్చి, హాల్లో నాలుగడుగులు వేసి, "భలే మెత్తగా ఉన్నాయి తాతా" అంటాడు మా మనవడు. హాల్లో తిరగడానికేనా రా నువ్వు వేలకు వేలు పోసింది?

మా రోజుల్లో, అంటే నేను నల్లమలలో ఉద్యోగం వెలగబెట్టిన కాలంలో, బూటంటే ముందు కరవాల్సిందే. మడమ మీద బొబ్బ లేచేది. తోలుకి ఆముదం పట్టించి, రెండు జతల మేజోళ్లు తొడిగి, సాయంత్రాలు ఊళ్లో తిరిగి దాన్ని దారికి తెచ్చుకునేవాళ్లం. ఒకసారి దారికొచ్చిందా, ఇక కాలికి బూటున్న సంగతే గుర్తుండేది కాదు. బైర్లూటి దాటి లోపలికి పోతే రాళ్లు పలకలు పలకలుగా లేచి ఉంటాయి, అంచు తగిలితే చర్మం లేచిపోతుంది. సందుల్లో పరికి కంప. అక్కడ గుడ్డ బూటు ఏం ఆగుతుంది? అయినా మా బూట్ల గొప్పలు చెంచుల ముందు చెప్పుకునేవాళ్లం కాదు లెండి. టైరు చెప్పులతో మాకంటే ముందు గుట్టెక్కి, పైన కూర్చుని మాకోసం ఎదురుచూసేవాళ్లు.

తోలు సంగతికొస్తాను. తంగేడు అంటే ఇప్పుడు అందరికీ బతుకమ్మలో పేర్చే పువ్వే. దాని చెక్కతోనే ఒకప్పుడు దక్షిణాదిలో తోళ్లు పదును చేసేవారు. సున్నం నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు తీసి, తంగేడు చెక్క, కరక్కాయ కలిపిన లందలో వారాల తరబడి ఊరబెట్టేవారు. మద్రాసు రేవు నుంచి ఆ తోళ్లు ఇంగ్లండు దాకా పోయేవి. ఆ కంపు, ఆ చాకిరీ, ఆ పని చేసినందుకే మనుషుల్ని ఊరవతలకి నెట్టిన పాపం, అవీ మా రోజులవే. వాటిని మళ్లీ రమ్మని నేనెందుకంటాను? పైగా క్రోమియం లవణాలతో రోజుల్లో తయారయ్యే ఇప్పటి తోలు తడికీ వేడికీ బాగానే తట్టుకుంటుంది. కొండ బూటుకి అదే మేలన్నా ఒప్పుకుంటాను.

నా తగువు క్రోముతో కాదు, చీటీతో. 'జెన్యూయిన్ లెదర్' అని ఓ ముక్క అతికించి ఉంటుంది, మనవాళ్లు అది చూసి మురిసిపోతారు. తోలుని పొరలుగా చీలిస్తే గట్టిదనమంతా వెంట్రుకలున్న పై పొరలో ఉంటుంది. కింది పొర పీచు పీచుగా ఉంటుంది. ఆ కింది పొర మీద ప్లాస్టిక్ పూత పూసి, పైన గీతలు అచ్చొత్తినా దానికీ ఆ చీటీ పెట్టేస్తారు. అబద్ధమనలేం, అది కూడా తోలే మరి. కావలసింది 'ఫుల్ గ్రెయిన్', అంటే పై పొర గీకకుండా ఉంచింది. బొటనవేలితో నొక్కి చూడండి. చుట్టూ సన్నని ముడతలు పడి, వేలు తీయగానే సర్దుకుంటే ఆశ పెట్టుకోవచ్చు. రంధ్రాలన్నీ ఒకే వరసలో అచ్చుగుద్దినట్టుంటే అనుమానించండి. కోసిన అంచు ఎక్కడైనా కనపడితే మందం చూడండి. రెండున్నర మిల్లీమీటర్ల దాకా ఉంటే రాళ్లలో నిలుస్తుంది. అతుకులు ఎన్ని తక్కువుంటే అంత మంచిది. నీళ్లు దూరేదీ దారం తెగేదీ అక్కడే.

అసలు కోపం అట్ట మీద. మంచి బూటుకి పై తోలుకీ అట్టకీ మధ్య చుట్టూ ఓ తోలు పట్టీ కుట్టి ఉంటుంది. వెల్ట్ అంటారు. రబ్బరు గుడ్‌ఇయర్ కొడుకు 1870ల్లో ఈ కుట్టు యంత్రాన్ని జనంలోకి తెచ్చాడు. అట్ట అరిగితే ఆ కుట్టు విప్పి కొత్తది వేయొచ్చు, పై తోలుకి దెబ్బ తగలదు. ఇప్పుడు చాలావాటికి జిగురే గతి. కొన్నింటికి చూపులకి దొంగకుట్టు కూడా అచ్చువేస్తున్నారు! ఆ మెత్తదనం పేరుతో మధ్యలో పెట్టే పాలీయూరిథేన్ పొర ఉంది చూశారూ, గాలిలో తేమకి అది లోలోపలే చివికిపోతుంది. వేసుకోకుండా పెట్టెలో దాచినా అంతే. మా మనవడి పాత జత అలాగే కొండ మీద నోరు తెరిచింది. బస్టాండు దగ్గర చెట్టు కింద కూర్చునే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆరెతో పొడిచి, మైనం రుద్దిన దారాన్ని ఒకే బెజ్జంలోంచి రెండు వైపులా లాగి బిగించే చెయ్యి ఆయనది. ఆరె పెట్టగానే పొర పిండిలా రాలింది. "దీనికి కుట్టు నిలవదు సార్" అని బూటు నా చేతిలో పెట్టేశాడు. డబ్బులు తీసుకోలేదు.

ఒక్క విషయంలో ఇప్పటివాళ్లకే దండం. మా బూట్ల కింద ఇనుప మేకులుండేవి, తడిరాయి మీద జర్రున జారేవి. 1935లో ఆల్ప్స్‌లో ఆరుగురు మిత్రులు చనిపోయాక విటాలే బ్రమానీ అనే ఇటలీ పర్వతారోహకుడు రబ్బరు అట్ట మీద పడ్డాడు, 1937లో తెచ్చాడు. వైబ్రమ్ అన్న పేరు అతని పేరులోంచి వచ్చిందే. ఆ లోతు గాళ్ల అట్ట మాకు అందేసరికి మా మోకాళ్లు అరిగిపోయాయి.

కొనేవాళ్లు సాయంత్రం వెళ్లండి, పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. లేసులు వదులు చేసి కాలు ముందుకి తోస్తే మడమ వెనక వేలు పట్టాలి. దిగుడులో వేళ్లు ముందుకి కొట్టుకుంటే గోళ్లు నల్లబడతాయి. కొట్టువాడిని అట్ట మారుస్తారా అని అడగండి. వింతగా చూస్తాడు. చూడనివ్వండి.

తెచ్చాక సాకడమూ తెలియాలి. మా వాడు అరకు నుంచి తడిబూట్లు ప్లాస్టిక్ కవరులో కట్టి తెచ్చి మంచం కింద తోశాడు, వారానికి బూజు. ఎండలో పెట్టినా పొయ్యి దగ్గర పెట్టినా తోలు పగులుతుంది. పాత పేపరు కుక్కి నీడలో ఆరబెట్టాలి. ఆ పేపరే ఇంట్లో లేదు. వార్తలన్నీ ఫోనులో వస్తున్నాయని మా కోడలు మాన్పించేసింది.