ఐదో కాంటూరు గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఐదో కాంటూరు గారి దివ్య సముఖమునకు,

కొల్లేటి లంక వాసి ఒకడు నమస్కరించి చేసుకొను విన్నపములు.

విషయం: తమరు ఎక్కడ ఉన్నారో తెలియజేయ కోరుట గురించి.

అయ్యా,

ఈ అర్జీ ఎవరికి పెట్టుకోవాలో తేల్చుకోవడానికే నాకు చాలాకాలం పట్టింది. ఒక ఆఫీసుకు వెళితే పక్షుల వరకే మాది అన్నారు. రెండో ఆఫీసులో చేపల వరకే మాది అన్నారు. మూడో చోట కాలువ గట్లు మావే గానీ అందులో పారే నీళ్లు మావి కావన్నారు. అయితే మూడు చోట్లా ఒక్క పేరు మాత్రం భయభక్తులతో పలికారు. అది తమ పేరే. అందుకని మధ్యవర్తులను వదిలేసి నేరుగా తమకే రాసుకుంటున్నాను.

తమరంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున కొల్లేరు చుట్టూ తిరిగిన గీత అని చదువుకున్న మా అబ్బాయి చెప్పాడు. కొల్లేటి చాంతాడంత గీతే గానీ, కంటికి మాత్రం ఆనదు. మా పెద్దింట్లమ్మ తల్లికి కొల్లేటికోటలో గుడి ఉంది, ఫాల్గుణంలో జాతర ఉంది. తమకు అవేమీ లేవు. ఉన్నదల్లా ఒక జీవో, ఒక మ్యాపు. అయినా మా ప్రాంతంలో ఎన్నికలు వస్తే అమ్మవారి పేరుకన్నా తమ పేరే ఎక్కువసార్లు వినబడుతుంది.

తమ వంశ చరిత్ర కొంత నాకూ తెలుసు. 1999లో కొల్లేటిని పక్షుల అభయారణ్యంగా ప్రకటించినప్పుడు తమ లోపల ఉన్న 308 చదరపు కిలోమీటర్లకు తమరే హద్దు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకు ఎక్కినప్పుడు మాత్రం తమ పెద్దన్నగారు పదో కాంటూరు లెక్క పట్టుకెళ్లారు, 901 చదరపు కిలోమీటర్లు. అంటే ప్రపంచానికి చూపించే కొల్లేరు ఒకటి, ఇంట్లో వాడుకునే కొల్లేరు ఒకటి. ఆపైన 2008లో అసెంబ్లీ తమరిని దింపేసి తమ తమ్ముడు మూడో కాంటూరుకు పట్టం కట్టాలని తీర్మానించింది. ఆయన ఏలుబడిలోకి వచ్చేది 135 చదరపు కిలోమీటర్లే. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ వద్దంది కాబట్టి తమ కుర్చీ నిలిచింది. ఆ కుర్చీ కింద నీళ్లున్నాయా లేదా అని మాత్రం ఎవరూ వంగి చూసినట్టు లేదు.

తప్పంతా పైవాళ్లదే అని రాస్తే ఈ కాగితం తడవకముందే చిరిగిపోతుంది. కాబట్టి మా ఇంటి సంగతి కూడా చెప్పుకుంటాను.

మా తాత తాటి దోనెలో వేటకు వెళ్లేవాడు. దాహమేస్తే నీటి మీది నాచును చేత్తో అటూ ఇటూ నెట్టి, దోసిలితో ముంచుకుని తాగేవాడు. నీళ్లలో పెట్టిన మావుల్లో పడే కొరమేను, మట్టగిడస, జెల్ల ఇంటికి సరిపోగా మిగిలితే సంతకు వెళ్లేవి. 1970ల్లో సర్కారే మత్స్యకార సొసైటీలకు చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది. తవ్వడం ఒకసారి నేర్చుకున్నాక ఆగడం ఎవరికి చేతనవుతుంది? సొసైటీ చెరువు లీజుకు వెళ్లింది, లీజు డబ్బుతో మా నాన్న డాబా వేశాడు. ఆ డాబా నీడనే కూర్చుని తమకు ఇది రాస్తున్నాను.

చెరువు అంటే ఏమిటో తమరు పైనుంచి చూసి ఉండరు. గట్టు మీద నిలబడితే నీళ్లలో వరసగా గెడలు. ప్రతి గెడకూ ఒక ప్లాస్టిక్ సంచి, దానికి చిల్లులు. లోపల తవుడు, చెక్క. శీలావతి, బొచ్చె వచ్చి చిల్లుల దగ్గర మూతి పెట్టి లాక్కుంటాయి. తిన్నది కొంత, కరిగి అడుక్కి దిగేది కొంత. ఫంగస్ చేపల చెరువుల్లోనైతే రాత్రిపూట కోళ్ల వ్యర్థాల బండ్లు కూడా దిగుతాయి. నీళ్లు పచ్చగా చిక్కబడతాయి. ఆ పచ్చదనం పగలు గాలి ఇస్తుంది, రాత్రి తిరిగి లాగేసుకుంటుంది. అందుకే మబ్బు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున చేపలన్నీ మూతులు పైకి పెట్టి నోళ్లు తెరుస్తాయి. కాపలావాడు బ్యాటరీ లైటు వేసి చూసి, గుండె బాదుకుంటూ ఇంజన్ల దగ్గరకు పరిగెడతాడు. పట్టుబడి అయ్యాక ఆ నీళ్లు ఎక్కడికి వదులుతారని అడగకండి. తమరి కడుపులోకే.

2006లో తమ లోపలి చెరువులు తొలగించాలని ఆపరేషన్ కొల్లేరు పేరుతో సర్కారు పొక్లెయిన్లు వచ్చి గట్లు తెగ్గొట్టాయి. కొన్నాళ్లు నిజంగానే గాలి మారింది. తర్వాత తెగిన గట్టు పక్కనే కొత్త మట్టి పడింది, రాత్రికి రాత్రి. పగలు వచ్చే అధికారికి తమరు కనబడరు, రాత్రి వచ్చే పొక్లెయిన్‌కు అసలే కనబడరు. జిరాయితీ పట్టా ఉన్న రైతు మా భూమికి పరిహారమేదని అడుగుతాడు, పట్టా లేని పెద్దమనిషి అతని వెనకాల నిలబడి అదే మాట ఇంకా గట్టిగా అడుగుతాడు.

ఇక ఎగువ నుంచి వచ్చే కానుకలు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, ఇంకా పేరున్న, పేరు లేని ఎన్నో డ్రెయిన్లు. పట్నాల మురుగు, ఫ్యాక్టరీల నీళ్లు, వరిచేలల మందులు అన్నీ మోసుకొచ్చి మా ముందు దించుతాయి. బయటికి పోవడానికి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే దారి. సముద్రం దాకా 60 కిలోమీటర్ల పైచిలుకు. అది పూడి, ఆక్రమణలతో సన్నబడి, గుర్రపుడెక్క మెడకు చుట్టుకుని ఈడుస్తోంది. ఎండాకాలం వచ్చేసరికి వరస తిరగబడుతుంది. మంచినీళ్లు దిగకపోగా అదే దారిన ఉప్పునీళ్లు ఎగదన్నుకొస్తాయి. తాత దోసిలితో ముంచుకున్న చోట ఇప్పుడు మేము నీళ్ల టిన్ను కొనుక్కుని తాగుతున్నాం. నాలుగు వైపులా నీళ్లున్న ఊరికి నీళ్ల ఆటో రావడం చూడాలంటే తమరు మా లంకకు రావాలి.

తమరి పరువు కాస్తో కూస్తో కాపాడుతున్నది గూడబాతులే. ఆటపాక వెళ్లి చూడండి. గూళ్లు పెట్టుకోవడానికి చెట్లు చాలకపోతే ఇనుప స్టాండ్లు నిలబెట్టారు. అవి అలగలేదు. ఇనుము మీదే పుల్లలు పేర్చుకుని పిల్లల్ని సాకుతున్నాయి. ఆదివారం పడవ షికారుకు వచ్చిన పిల్లలు వాటి గొంతు కింద వేలాడే సంచిని చూసి కేరింతలు కొడతారు, పెద్దలు ఫోన్లు ఎత్తుతారు. పడవ కిందనున్న నీటి రంగు ఏ ఫొటోలోనూ పడదు. పర్యాటకం పెంచుతామని చెప్పేవాళ్లంతా రిసార్టుల గురించి, బోట్ల గురించి మాట్లాడతారు. బోటు దేని మీద తేలుతుందో ఆ సరుకు గురించి ఒక్క ముక్క ఉండదు.

కాబట్టి అయ్యా, నా కోరికలు పెద్దవేమీ కావు. తమరు ఐదో మెట్టున ఉంటారా, మూడో మెట్టుకు దిగుతారా అన్న పంచాయితీ ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంది. అది తేలేలోగా నీటి సంగతి కాస్త చూడండి. వచ్చే నీళ్లు శుద్ధి అయి రావాలి. పోయే నీళ్లకు దారి ఉండాలి. మధ్యలో నీళ్లు నిలవడానికి చోటుండాలి. ఈ మూడూ ఉంటే గీత ఎక్కడ గీసినా అది సరస్సే. ఇవి లేకపోతే తమరు మ్యాపులో ఎంత పొడుగున్నా గుంటకు కట్టిన దడే.

చివరగా ఒక్క మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన నీళ్లు ఆ తర్వాత మా దగ్గరకే వచ్చాయి. గట్ల మధ్య పరుచుకునే చోటు లేక పైకి లేచి మా డాబాలోకి నడిచొచ్చాయి. రోజుల తరబడి కదల్లేదు. తగ్గాక చూస్తే గోడ మీద మోకాలెత్తున బురద గీత, తాడు పట్టి కొట్టినంత తిన్నగా. మా ఆవిడ దాని మీద రెండుసార్లు సున్నం వేసింది. ఆరగానే మళ్లీ పైకి తేలింది.

అది తమరి గీత కాదని నాకు తెలుసు. తమరిని గీసింది సర్వేయరు, దాన్ని గీసింది నీళ్లు. కానీ సర్వే రాళ్లు పీకేసినట్టు దాన్ని పీకడం మా ఊళ్లో ఎవరి వల్లా కాలేదు. తమకు వీలు చిక్కినప్పుడు ఒకసారి దయచేస్తే ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి కొలుచుకుందాం. భోజనం మా ఇంట్లోనే. చేపల పులుసు, లీజు చెరువుదే. ఏమనుకోకండి.

ఇట్లు,
తమరి లోపలో బయటో తెలియని
ఒక లంక గ్రామస్తుడు