స్తంభం వంకరా, చూపు వంకరా

(రాజంపేట బస్టాండు పక్కన టీ అంగడి. బీడీల పెద్దాయన, సెల్లు చేత్తో సర్వజ్ఞ మామ, కండ్లద్దాల అంగడి పిల్లోడు.)

పెద్దాయన: ఆ కరెంటు స్తంభం చూడప్పా, నడిమిట్ల వంగిపోయింది. కాంట్రాక్టరు కమ్మీ తినేసినాడు.

మామ: తినక యాడ పోతాడు! వీడియో తీసి గ్రూపులో పెడతాండా.

పెద్దాయన: హైవే పక్కన 108 అడుగుల అన్నమయ్య గూడా నిన్న వంగినట్ల కనిపిచ్చె.

పిల్లోడు: పెద్దాయనా, కుడికన్ను మూసి చూడు.

పెద్దాయన: స్తంభం నిటారుగా ఉండాదే!

పిల్లోడు: ఇప్పుడు ఎడమది మూయి.

పెద్దాయన: మళ్లీ వంకర!

మామ: అంటే కాంట్రాక్టరు ఒకపక్కే తిన్యాడు.

పిల్లోడు: ఇది కంటి వెనక తెర జబ్బు మామా. తెర నట్టనడుమ మాక్యులా అని చిన్న చోటు. మొగం గుర్తుపట్టేది, పేపరు చదివేది దాంతోనే. వయసు మీదపడితే కొందరికి అది చెడతాది. పొడి రకమైతే తెర కింద కొవ్వు చుక్కలు పేరుకుని ఏండ్ల తరబడి మెల్లగా. తడి రకమైతే పిచ్చి నరాలు మొలిచి నెత్తురూ నీరూ కారి, వారాల్లోనే నడిమి చూపు పోతాది.

మామ: సీమలో తడి యాడిదప్పా! మనకంతా పొడే.

పిల్లోడు: నూటికి 85, 90 మందికి పొడే, సీమైనా కోనసీమైనా.

మామ: పొరే గదా! ఫ్రీ క్యాంపులో తీసేస్తారు.

పిల్లోడు: పొర ముందరుండే లెన్సుకు. సినిమా హాల్లో మిషను అద్దం మారిస్తే చినిగిన తెర అతుక్కుంటాదా?

పెద్దాయన: ఎందుకొస్తాది నాయనా?

పిల్లోడు: వయసు, బీపీ, ఒళ్లు. ఇంట్లో పెద్దోళ్లకుంటే ఇంకా భయం. ఇంగొకటి నీ వేళ్ల సందునే ఉండాది.

పెద్దాయన: ఉంగరమా?

పిల్లోడు: బీడీ.

పెద్దాయన: మా నాయన తాగి ఎనభై ఏండ్లు బతికినాడు!

పిల్లోడు: చూపో?

పెద్దాయన: (కాసేపాగి) ఆఖర్లో నా మొగం తెలిసేది కాదు. గొంతు విని పిలిచేవాడు.

మామ: కువైటు నుంచి మావోడు కంటి మాత్రలు పంపినాడు, రెండు మింగు.

పిల్లోడు: ఆగు. ఆ విటమిన్ల మీద అమెరికాలో 2001లో ఒకసారి, 2013లో ఇంగోసారి పరీక్ష ఫలితాలొచ్చినాయి. జబ్బు కొంత ముదిరినోళ్లకే అవి మేలు. బీడీ తాగేటోడు బీటా కెరోటిన్ ఉండేది మింగితే ఊపిరితిత్తుల క్యాన్సరు భయం. ముందు రెటీనా డాక్టరుకు చూపించు. తడిదైతే కంట్లో సూదిమందుంది, ఆలస్యం చేస్తే అదీ అంతంతమాత్రమే.

(పెద్దాయన బీడీ పారేశాడు. కట్ట మాత్రం జేబులోనే ఉంది. మామ వీడియో అప్పటికే మూడు గ్రూపులు దాటింది.)

చదివే పెద్దలకు: అద్దాలు పెట్టుకుని, ఒక్కో కన్నూ మూసి, గోడమీది క్యాలెండరు గళ్లు చూడండి. గీతలు వంకరపోయినా, నడుమ మచ్చ కనిపించినా రేపనకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి. క్యాలెండరు అచ్చేసినవాణ్ణి తర్వాత తిట్టుకోవచ్చు.