పచ్చగడుల పరువు

మూలకోడ్‌ను ఎవరైనా చదివి, దిద్ది, తిరిగి పంచుకునే వీలున్న ఓపెన్ సోర్స్ లోకంలో జీతం లేని పనికి కీర్తే కూలి అని పెద్దలు చాలాకాలంగా సెలవిస్తున్నారు కనుక, ఆ కూలిని ఏ కుంచంతో కొలుస్తున్నారో పరిశీలించడం అనుచితం కాబోదు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రూపొందించిన గిట్ అనే సాధనం, కోడ్‌లో జరిగిన ప్రతి మార్పునూ ‘కమిట్’ అనే పద్దుగా నమోదు చేసి దాని పక్కన రచయిత పేరు, ఈమెయిల్ చేరుస్తుంది. ఆ రెండింటినీ రచయితే నింపుకుంటారు, గిట్ వాటి నిజానిజాలు విచారించదు. తేదీ సంగతీ అంతే: నిన్నటి కమిట్‌కు పదేళ్ల కిందటి తేదీ వేసుకున్నా అది అభ్యంతరపెట్టదు.

ఇంతటి పకడ్బందీ దస్తావేజుల మీదనే, గిట్ ప్రాజెక్టులకు నెలవైన గిట్‌హబ్ అనే వెబ్‌సైటు తన గౌరవసౌధాన్ని లేపింది. కమిట్‌లోని ఈమెయిల్ ఖాతాలోని ఈమెయిల్‌తో సరిపోలితే ఆ రోజుకు ప్రొఫైల్‌లో ఒక పచ్చగడి మొలుస్తుంది. ఆఫీసు కంప్యూటర్‌లో వేరే ఈమెయిల్ ఉండిపోయినవారు ఏడాదంతా శ్రమించినా వారి ప్రొఫైల్ బీడుగానే మిగులుతుంది. మూడు వారాలు వెతికి ఒక్క అక్షరం మార్చి ఘోరమైన దోషాన్ని పోగొట్టిన కమిట్‌కూ, ఎక్కడో కామా చేర్చిన కమిట్‌కూ లెక్కలో విలువ ఒకటే. ఒకే మనిషి మూడు ఈమెయిళ్లతో ముగ్గురుగా చలామణీ అయితే వారిని ఏకం చేయడానికి ప్రాజెక్టుల్లో ‘మెయిల్‌మ్యాప్’ అనే ఫైలు ఉంచుతారు. వేదాంతులు జన్మంతా సాధించే అద్వైతం అక్కడ రెండు పంక్తుల్లో సిద్ధిస్తుంది.

కీర్తికి టీషర్టు తోడైతే ఏమవుతుందో 2020 అక్టోబరులో తేలింది. నాలుగు పుల్ రిక్వెస్టులు, అంటే మార్పును స్వీకరించమనే అర్జీలు, పంపినవారికి టీషర్టు ఇస్తామని డిజిటల్‌ఓషన్ సంస్థ వారి హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే ఉత్సవం ప్రకటించగా, ప్రాజెక్టును పరిచయం చేసే రీడ్‌మీ ఫైళ్లలో ‘అద్భుతమైన ప్రాజెక్టు’ అన్న ముక్క చేర్చే అర్జీలు వెల్లువెత్తాయి. పొగడ్తలను తిరస్కరించడమే మెయింటెయినర్లకు, అంటే ప్రాజెక్టు బాధ్యత మోసేవారికి, నిత్యకృత్యమైంది. (అర్జీని తెరిచిన ఐదు నిమిషాల్లో మూసినవారికి దక్కే ‘క్విక్‌డ్రా’ పతకం గిట్‌హబ్‌లో అప్పటికింకా లేకపోవడం వారి దురదృష్టం.) చివరకు నిర్వాహకులు, ఉత్సవం మొదలైన కొద్ది రోజులకే, సమ్మతించిన ప్రాజెక్టులకే అది వర్తిస్తుందని నిబంధన మార్చుకున్నారు.

ఈ లెక్కల ప్రకారం ఆదర్శ సేవకుడెవరంటే జియా టాన్. లినక్స్ వ్యవస్థల్లో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే ఉపకరణానికి ఆ పేరుతో ఎవరో రెండేళ్లకు పైగా ఓర్పుగా సేవచేసి, నమ్మకం గడించి, సహ మెయింటెయినర్ హోదా పొంది, 2024లో అందులో దొంగదారి అమర్చారు. ఆ పేరు వెనక ఎవరున్నదీ బయటపడలేదు. కమిట్లు మాత్రం చరిత్రలో పదిలంగా ఉన్నాయి. ఆ కుట్రను పట్టింది, లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందని అనుమానించి తవ్విచూసిన ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజినీరు. ఆయన లోకాన్ని హెచ్చరించింది ఈమెయిల్ ద్వారా కనుక, ఈమెయిల్ కమిట్ కాదు కనుక, దానికి గడి లేదు.